వినపడకపోయినా మన మాట నిలబెట్టారు

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎంత తేలిగ్గా అనేస్తాం! పిలిస్తే పలకని పిల్లాణ్ణి, చెప్పిందే మళ్లీ అడిగిన అత్తగారిని, ఎక్కడికి టికెట్టు అని కండక్టరు అడిగితే తెల్లమొహం వేసిన ముసలాయన్ని చూస్తే మనకి ముందు వచ్చేది నవ్వు. ఆ తర్వాత విసుగు. జాలి అన్నిటికన్నా చివర్న వస్తుంది, అదీ వస్తే. కళ్లు కనపడని మనిషిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. చెవులు వినపడని మనిషి మీద మాత్రం అరుస్తాం.

వినికిడి తగ్గిన వాళ్ల బాధ పైకి కనిపించేది కాదు. నలుగురూ కూర్చుని నవ్వుతుంటే ఎందుకో తెలియకుండానే తామూ నవ్వాలి. ఆ నవ్వు తమ గురించేనేమోనని లోపల ఒక అనుమానం. అడిగినదానికి ఒకటి చెప్పబోయి మరొకటి చెబుతామేమోనని భయం. మెల్లమెల్లగా పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లటం మానేస్తారు. డిగ్రీ చదివిన ఆడపిల్ల అయినా సరే, ఉద్యోగం మాట ఎత్తదు. ఇంట్లోవాళ్లు కూడా పోనీలే, ఇంటిపట్టునే ఉండు తల్లీ అంటారు. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమే ఒక్కోసారి తలుపుకి గడియ పెట్టేస్తుంది.

అలాంటి గడియ పడనివ్వని మనిషి ఒకాయన మన శ్రీకాకుళం గడ్డ మీదే పుట్టారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. బళ్లో పిల్లలు ఆయన పటానికి దండ వేసి, వ్యాసరచన పోటీల్లో ఆయన గురించి రాసి బహుమతులు తెచ్చుకుంటారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వాడుక భాషకి పెద్దదిక్కు అని అందరికీ తెలుసు. కానీ జనం నోట్లోని మాట కోసం జీవితాంతం పోట్లాడిన ఆ పెద్దమనిషికి ఆ మాటే సరిగ్గా వినపడేది కాదన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

వంశధార ఒడ్డు కుర్రాడు

శ్రీముఖలింగం గుడి చూడని శ్రీకాకుళం వాళ్లు అరుదు. ఆ ఊరికి దగ్గర్లోనే పర్వతాలపేట అనే పల్లె ఉంది. 1863 ఆగస్టు 29న అక్కడ వీర్రాజు, వెంకమ్మ దంపతులకి రామమూర్తి గారు పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. ఆ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా కింద ఉండేది. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. చోడవరం బదిలీ అయి వెళ్లిన చోట విషజ్వరం వచ్చి 1875లో కన్నుమూశారు. కుర్రాడికి అప్పటికి పన్నెండేళ్లు కూడా సరిగ్గా నిండాయో లేదో.

ఇంటి పెద్ద పోయిన సంసారం ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మేనమామ గారి అండ దొరికింది. విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బళ్లో చేరారు. 1880 దాకా ఆ ఊళ్లోనే ఉన్నారు. అక్కడ తోటి విద్యార్థిగా పరిచయమైన ఇంకో కుర్రాడే గురజాడ అప్పారావు. ఒకరు కన్యాశుల్కం రాసి మన మాటకి సాహిత్యంలో పీట వేస్తారనీ, ఇంకొకరు అదే మాటకి బడిలో, పుస్తకంలో చోటు కోసం కొట్లాడతారనీ ఆ రోజు ఆ బడి పంతుళ్లు ఊహించి ఉండరు.

1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ ఏడాదే పెళ్లి కూడా అయింది. మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజా వారి బళ్లో పంతులు ఉద్యోగం దొరికింది. జీతం నెలకి 30 రూపాయలు. చిన్న తరగతులకి చరిత్ర పాఠం చెప్పాలి. బళ్లో పాఠాలు చెప్పుకుంటూనే, ఇంటి దగ్గర సొంతంగా చదువుకుని 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పాసయ్యారు. సంసారం, ఉద్యోగం రెండూ మోస్తూ ముప్ఫై మూడేళ్ల వయసులో పట్టా పుచ్చుకున్నారన్న మాట. పెళ్లయ్యాక ప్రైవేటుగా డిగ్రీ కట్టిన మన ఆడవాళ్లకి ఆ కష్టం తెలుసు.

చరిత్ర పంతులు కదా, పుస్తకంలో ఉన్నది వల్లించి ఊరుకోలేదు. ముఖలింగం గుళ్లలో రాళ్ల మీద పాత లిపిలో శాసనాలున్నాయి. మనం ప్రదక్షిణం చేస్తూ చేత్తో తడిమి వచ్చేస్తామే, అవే. ఆయన వాటి ముందు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవటం తనంతట తాను నేర్చుకున్నారు. ఏ కాలంలో ఏ అక్షరం ఎలా వంకర తిరిగిందో లెక్క కట్టారు. ఇండియన్ ఆంటిక్వెరీ లాంటి పెద్ద పత్రికల్లో వ్యాసాలు రాశారు. కళ్లతో చూసి రుజువు పట్టుకునే ఈ అలవాటే ముందు ముందు చెవులు మొండికేసినప్పుడు ఆయన్ని ఆదుకుందని నాకనిపిస్తుంది.

కొండ మీది భాష, కొండ కింది జ్వరం

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు. మన సీతంపేట, భామిని, మెళియాపుట్టి కొండల్లో ఉన్నదీ ఆ జనమే. చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు తెచ్చి సంతలో అమ్ముకుని, ఉప్పు, బట్టా కొనుక్కుని మళ్లీ కొండెక్కేస్తారు. వాళ్ల మాట సంతలో షావుకారుకి రాదు, కచేరీలో గుమాస్తాకి రాదు. భాష రాని చోట లెక్క తేలదు, న్యాయమూ తేలదు.

ఈ జనానికి వాళ్ల భాషలోనే చదువు చెబితే ఎలా ఉంటుందని పంతులు గారికి ఆలోచన వచ్చింది. అంటే ముందు తనకి ఆ భాష రావాలి. నేర్చుకోవటానికి పుస్తకం లేదు. ఆ భాషకి లిపే లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నారు. నూట పాతికేళ్ల కిందట, అంటూ సొంటూ పట్టింపుగా పాటించే రోజుల్లో, బ్రాహ్మణ గృహంలో ఈ పని. ఇరుగు పొరుగు అమ్మలక్కలు ఎన్ని అనుకున్నారో, ఆ ఇంటి ఇల్లాలు నీళ్ల బావి దగ్గర ఎన్ని వినాల్సి వచ్చిందో మనం ఊహించుకోవచ్చు.

ఇంట్లో కూర్చుని నేర్చుకుంటే సరిపోదని పంతులు గారే కొండలెక్కేవారు. సవర గూడేల్లోకి వెళ్లి, వాళ్లు ఎలా మాట్లాడుకుంటారో విని రాసుకునేవారు. ఆ అడవుల్లో మలేరియా కాపరం. మన్యం జ్వరం అంటే మన పెద్దవాళ్లకి ఎంత హడలో తెలుసు కదా. ఆ జ్వరానికి దోమే కారణమని రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనిపెట్టింది 1897లో. అప్పటిదాకా అది చెడుగాలి వల్ల వస్తుందనే లోకం నమ్మింది. దోమతెర కట్టుకోవాలన్న తెలివి కూడా జనానికి ఉండేది కాదు. ఉన్న మందు ఒక్కటే, క్వినైను. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే చేదు మందు.

జ్వరం మళ్లీ మళ్లీ వచ్చేది. మందు మళ్లీ మళ్లీ పడేది. క్వినైను మోతాదు మించితే చెవుల్లో హోరు మొదలవుతుంది, తల తిరుగుతుంది, వినికిడి మందగిస్తుంది. చాలామందికి మందు ఆపితే తగ్గిపోతుంది. కొందరికి మాత్రం పోయిన వినికిడి పోయినట్టే. పంతులు గారికి అదే జరిగింది. ప్రాణం నిలిచింది, చెవులు పోయాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆయన చేస్తున్న పని ఏమిటి? లిపి లేని భాషని చెవితో విని నేర్చుకోవటం. దానికి కావలసిన పనిముట్టు ఏమిటి? చెవి. ఏ పని కోసం వెళ్లారో ఆ పనే ఆ పనిముట్టుని లాగేసుకుంది. వంటమనిషికి నాలుక రుచి పోయినట్టు, కుట్టుపని చేసేవాళ్లకి కంటిచూపు మసకబారినట్టు. ఇంకెవరైనా అయితే ఇది నాకు రాసిపెట్టి లేదని దణ్ణం పెట్టి వదిలేసేవారు. వదిలేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ముప్ఫై అయిదేళ్ల పని

ఆయన వదల్లేదు. పని పద్ధతిని మార్చుకున్నారో, పనిలోనే ఉన్న కొత్త దారిని పట్టుకున్నారో గానీ, ముందుకే వెళ్లారు. భాషాశాస్త్రం మీద అప్పుడప్పుడే వస్తున్న ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని చదివారు. ధ్వనుల శాస్త్రంలో ఒక సదుపాయం ఉంది. ఒక శబ్దం పలికేటప్పుడు నాలుక ఎక్కడ తగిలింది, పెదవులు ఎలా ముడిచాం, గొంతులో గాలి ఎక్కడ ఆగింది అనేది లెక్క. ఇది చెవి పనే కాదు, కంటి పని కూడా, బుద్ధి పని కూడా. సవర భాషలో కొన్ని శబ్దాలు గొంతులో ఠక్కున తెగినట్టు ఆగిపోతాయి. మన అక్షరాలకి అవి లొంగవు. అందుకని ప్రపంచంలో భాషాశాస్త్రజ్ఞులు వాడే ధ్వనిలిపిని ఆయన వాడుకున్నారు.

పుస్తకం ఒకవైపు సాగుతుంటే బడి ఇంకోవైపు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు, పంతుళ్లకి జీతాలిచ్చారు. బడిపంతులు జీతంలోంచి ఇంకో బడిపంతులికి జీతం ఇవ్వటమంటే ఇంట్లో ఎన్ని ఖర్చులకి కత్తెర పడి ఉంటుందో లెక్క వేసుకోండి. ఆయన రాసిన సవర పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దన్నారు. ఆ డబ్బుతో సవరల కోసం బడి పెట్టమని కోరారు. సొంత బళ్లకి డబ్బు చాలక తంటాలు పడుతున్న మనిషి అలా అన్నారంటే అది గొప్పకి అన్న మాట కాదు.

ఆయన పనిని బయటివాళ్లు కూడా గుర్తించారు. దక్షిణ భారతంలోని కులాలు, తెగల గురించి 1909లో పెద్ద పెద్ద సంపుటాలు వేసిన ఎడ్గార్ థర్స్టన్ దొర సవరల గురించి రాసేచోట రామమూర్తి పంతులు గారు ఇచ్చిన సమాచారాన్ని వాడుకున్నాడు. 1913లో ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదిచ్చింది. 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. మొదలుపెట్టిన నాటికి చెవులు బాగానే ఉన్నాయి. ముగించిన నాటికి లేవు. మధ్యలో ముప్ఫై అయిదేళ్ల పైమాట. సవర అనేది తెలుగు, సంస్కృతాల కుటుంబాలకి చెందని ముండా భాష. ఆ జాతి భాషని మన దేశంలో మొట్టమొదట శాస్త్రీయంగా పరిశీలించిన వాళ్లలో ఆయన పేరే ముందు చెబుతారు. ఈనాటికీ సవర భాష మీద పరిశోధన చేసేవాళ్లు మన పర్లాకిమిడి పంతులు గారి పుస్తకం తెరవక తప్పదు.

మన నోట్లోని మాట కోసం

సవర పని ఒక్కటే చేసి ఉన్నా ఆయన జన్మ ధన్యమే. కానీ రెండో పెద్ద పని నలభై నాలుగేళ్ల వయసులో మొదలైంది. 1907లో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకి బళ్ల ఇన్స్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్లో పుస్తకాల తెలుగు ఇంకొకటి ఎందుకుందో అతనికి అర్థం కాలేదు. విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన ఇద్దరి పేర్లు చెప్పారు. ఒకరు విజయనగరం గురజాడ, రెండోవారు పర్లాకిమిడి గిడుగు. వాడుక భాష ఉద్యమం ఈ నలుగురి ఆలోచనల్లోంచి పుట్టింది.

అప్పట్లో పరిస్థితి ఎలా ఉండేదంటే, పిల్లవాడు ఇంట్లో అమ్మతో మాట్లాడే మాట బళ్లో రాస్తే తప్పు. రాయాల్సింది ఎన్నో వందల ఏళ్ల కిందటి కావ్యాల్లోని భాష. అది ఇంట్లో ఎవరూ మాట్లాడరు, వీధిలో ఎవరూ మాట్లాడరు. ఇంక ఆడవాళ్ల మాట చెప్పాలా? బడి మొహం చూడని తల్లి నోట్లోని తెలుగుకి అసలు విలువే లేదు. సవర పిల్లలకి సవరలో చదువు చెప్పిన మనిషికి, తెలుగు పిల్లలకి తెలుగులో చదువు లేదన్న సంగతి ఎంత వింతగా తోచి ఉంటుందో!

1911లో ముప్ఫై ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని ఉద్యోగం నుంచి విరమించారు. అందరూ విశ్రాంతి తీసుకునే వేళ ఆయన ఉద్యమంలోకి దిగారు. 1912-13లో స్కూలు ఫైనల్లో వ్యాసం పాత భాషలోనైనా, వాడుక భాషలోనైనా రాయొచ్చని అనుమతి వచ్చింది. పండితలోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు గారు, వేదం వెంకటరాయ శాస్త్రి గారు లాంటి ఉద్దండులు అవతలి పక్షంలో ఉన్నారు. వాడుక భాషని సమర్థిస్తూ గిడుగు వారు 1913లో ఇంగ్లీషులో ఒక పెద్ద విజ్ఞాపన ప్రకటించారు. అయినా వచ్చిన అనుమతి నిలబడలేదు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1915 నవంబరులో గురజాడ వెళ్లిపోయారు. బడి నాటి స్నేహితుడు పోయాడు, ఉద్యమం ఓడిపోయినట్టుంది, చెవులా వినపడవు. అప్పటికి ఆయనకి యాభై రెండేళ్లు.

అక్కడా ఆగలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులు, గిడుగు వారు కార్యదర్శి. మూడు నెలలు తిరక్కుండానే వీరేశలింగం గారు కాలం చేశారు. తెలుగు అనే మాసపత్రిక ఆ ఏడాదే మొదలుపెట్టారు. అది ఒక్క ఏడాదే నడిచింది. పత్రిక ఆగినా పంతులు గారు ఆగలేదు. ఊరూరా తిరిగారు.

వినపడని మనిషి వాదం ఎలా గెలుస్తాడు?

ఇది చాలామందికి వచ్చే సందేహమే. సభలో అవతలివాళ్లు అన్నది వినపడకపోతే జవాబు ఎలా చెప్పాలి? ఆయన వాదించిన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. గొంతు పెంచి గెలవాలని ఆయన చూడలేదు. కాగితం మీద గెలిచారు. పాత కావ్యాలు, శాసనాలు, వ్యాకరణాలు అన్నీ చదివి, ఏ కవి ఏ రూపం వాడాడో ఉదాహరణలతో సహా రాసుకునేవారు. వాడుక రూపాలు తప్పులన్న పండితుల రాతల్నే తీసుకుని, వాళ్లు నమ్మే వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించేవారు. ఎవరూ మాట్లాడని భాషలో తప్పు లేకుండా రాయటం పండితులకే చేతకాకపోతే పసిపిల్లలకి ఎలా సాధ్యమన్నది ఆయన ప్రశ్న. ఇలాంటి ప్రశ్నకి గట్టిగా అరిచి జవాబు చెప్పలేరు. పుస్తకం తెరిచి చెప్పాలి. ఆ యుద్ధభూమి ఆయనదే.

1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభ జరిగితే, అక్కడ గంటల తరబడి ఇలాగే ఆధారాలు చూపిస్తూ ప్రసంగించారు. వాడుక భాష పనికిరాదని భీష్మించుకున్న ఆ పరిషత్తు ఆ రోజుల్లోనే తన నిషేధాన్ని ఎత్తేసింది. 1933లో గద్యచింతామణి, బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అనే పుస్తకాలు వచ్చాయి. అప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్లు. ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు గారు తర్వాతి కాలంలో జనవాణి పత్రికని వాడుక భాషలో నడిపారు. గురువు వాదించారు, శిష్యుడు ఆచరించి చూపించారు.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పటం నా ఉద్దేశం కాదు. పట్టుదల మనిషి. పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకమని గిట్టనివాళ్లు అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఎదుటివాళ్ల తప్పులు ఏరటంలో మొహమాటం లేదు. ఇంట్లో మిగలాల్సిన డబ్బు బళ్లకీ పుస్తకాలకీ పోయింది. ఇవన్నీ ఆ ఇల్లు భరించింది. కొడుకు సీతాపతి గారు తండ్రి పనిని తన పని చేసుకున్నారు. సవర నేర్చుకున్నారు, భాషాపండితుడయ్యారు. వినికిడి పోయిన మనిషి ఇంత పని చెయ్యగలిగారంటే దాని వెనుక ఆయన సంకల్పం ఎంతో, ఆయన పనిని పిచ్చి అనుకోకుండా తోడు నిలబడిన ఇంటివాళ్లూ స్నేహితులూ శిష్యులూ అంత.

చివరి మజిలీ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపొద్దని గిడుగు వారు గట్టిగా ప్రయత్నించారు. ఫలితం లేకపోయింది. యాభై ఆరేళ్లు ఉన్న ఊరు అది. నౌపడా నుంచి రాజా వారి చిన్న రైలు రాకముందు నుంచీ, ఆయన ఎరిగిన ఊరు. డెబ్భై రెండేళ్ల వయసులో ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఆ వయసులో పుస్తకాలు సర్దుకుని ఇల్లు ఖాళీ చెయ్యటం ఎంత నరకమో బదిలీల మీద బతికిన ఇల్లాళ్లకి చెప్పక్కర్లేదు.

1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. ఆ ఏడే సవర నిఘంటువు కూడా చేతికొచ్చింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో పత్రికల వాళ్లతో మాట్లాడారు. జనానికి అర్థమయ్యే భాషలో రాయమని, ఈ పనిని మీరు కొనసాగించమని అప్పగింతలు పెట్టినట్టు చెప్పారు. సరిగ్గా వారానికి, జనవరి 22న కన్నుమూశారు.

మనం ఏం తీసుకోవాలి?

వినికిడి లోపం ఉన్నవాళ్లకి పని వెతికేటప్పుడు మనమంతా చేసే పొరపాటు ఒకటుంది. చెవితో పనిలేని ఉద్యోగం ఏది అని మాత్రమే చూస్తాం. కుట్టుమిషను, టైపు, అప్పడాలు. ఇవి తక్కువ పనులని కాదు. ఆ పిల్లకి ఏమిష్టం అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. గిడుగు వారు ముందు తనకి ప్రాణమైన పని పట్టుకున్నారు. ఆ తర్వాత వినపడకుండానే ఆ పని ఎలా చెయ్యాలో వెతుక్కున్నారు. వరస అదీ.

ఆయన రోజుల్లో లేని సదుపాయాలు ఈ రోజు ఉన్నాయి. వినికిడి పరీక్షలున్నాయి, చెవి వెనుక కనపడీ కనపడకుండా ఉండే మిషన్లున్నాయి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్లకి నూటికి 4 ఇవ్వాలి. అందులో 1 వినికిడి లోపం ఉన్నవాళ్లది. దానికి సదరం సర్టిఫికెట్టు ఉండాలి. పెళ్లిచూపులకి అడ్డం అవుతుందని ఆ సర్టిఫికెట్టు తీసుకోకుండా దాచే తల్లిదండ్రులు మన చుట్టూ ఉన్నారు. దాస్తే దాగేది కాదు. పిల్లకి రావాల్సిన ఉద్యోగం మాత్రం పోతుంది.

మన వంతుగా చెయ్యగలిగినవి చాలా చిన్నవి. అరవకుండా, మొహానికి మొహం పెట్టి, పెదవులు కనిపించేలా నెమ్మదిగా మాట్లాడితే సగం అర్థమవుతుంది. అర్థం కానిది కాగితం మీద రాస్తే మిగతా సగం తెలుస్తుంది. నలుగురూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వామో ఆ మనిషికి కూడా చెబితే చాలు, పేరంటానికి మళ్లీ వస్తుంది. జ్వరానికో, మరో జబ్బుకో మందు వాడుతుండగా చెవుల్లో హోరు మొదలైతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇంకొక్క మాట. ఈ వ్యాసం మీరు చదువుతున్నది ఏ భాషలో? నేను వంటింట్లో మాట్లాడే తెలుగే కాస్త సర్దుకుని కాగితం మీద పెట్టాను. నాలాంటి గృహిణి కథ రాసినా, మీలాంటి అమ్మాయి పత్రికకి ఉత్తరం రాసినా, ఇది గ్రాంథికం కాదని ఇవాళ ఎవరూ చెత్తబుట్టలో పడెయ్యరు. ఆ హక్కు మనకి సంపాదించిపెట్టిన వాళ్లలో ముందు నిలిచిన మనిషికి మనం మాట్లాడుకునేది సరిగ్గా వినపడేది కాదు. ఈసారి ముఖలింగం వెళ్లినప్పుడు స్వామి దర్శనం అయ్యాక గోడల మీద రాతలు కాసేపు చూడండి. వెంట పిల్లలుంటే, వాళ్లలో ఒక్కరికైనా వినికిడి తక్కువైతే, ఆ రాళ్ల ముందు కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్న పక్క ఊరి పంతులు గారి కథ చెప్పండి. మొహానికి మొహం పెట్టి, నెమ్మదిగా.